థీమ్ పార్కులో ఫాంటసీ సినిమా: రైడ్ల కంటే ముందు ఒక నియమం రాసుకోండి

మీరు అడిగింది ఇది. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఉన్న ఒక పాత థీమ్ పార్కు యజమాని మీ మేనమామకు స్నేహితుడు. శని, ఆదివారాలు, పండుగలు తప్ప మిగతా రోజుల్లో షూటింగ్ చేసుకోమన్నాడు. మీ కథలో నలుగురు పిల్లలు, ఆరు రైడ్లు. ఒక్కో రైడ్ ఎక్కితే ఒక్కో మాయాలోకంలోకి వెళ్తారు. గంటన్నర నిడివి. డబ్బు తక్కువ, టీమ్ అంతా చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుర్రాళ్లు. పార్కును సినిమాగా ఎలా మార్చాలి, సీజీకి (కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు) ఎంత పక్కన పెట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను చెన్నై సినిమావాళ్ల పేట కోడంబాకంలో చాలా ఏళ్లు కో-డైరెక్టర్‌గా, ఆ తర్వాత ప్రొడక్షన్ వైపు పనిచేశాను. అందుకే కథ గురించీ, లొకేషన్ గురించీ రెండూ మాట్లాడతాను. సీజీ లెక్క చివర్లో వస్తుంది. కథ తేలకముందే సీజీకి ఇంత అవుతుందని చెప్పేవాడి దగ్గర అడ్వాన్స్ ఇవ్వకండి.

ముందు మీ ఆరు లోకాల సంగతి. పార్కు మ్యాపు ముందు పెట్టుకుని కథకు సిట్టింగ్ వేస్తే ఎవరికైనా మొదట వచ్చే లైన్ ఇదే. దీనిలో ఉన్న చిక్కు రైడ్ స్వభావంలోనే ఉంది. ఏ రైడైనా ఎక్కిన చోటే దింపుతుంది. రెండు మూడు నిమిషాలు అరుస్తాం, బెల్టు తీస్తాం, చెప్పులు వేసుకుని ఐస్‌క్రీమ్ దగ్గరికి వెళ్తాం. మీ పిల్లలు మొదటి లోకం నుంచి క్షేమంగా తిరిగొస్తే ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. రెండో లోకం నుంచి కూడా తిరిగొస్తే, మూడోదాంట్లో కూడా ఏమీ కాదని అతనికి అర్థమైపోతుంది. అక్కడినుంచి మీరు ఎన్ని డ్రాగన్లు పెట్టినా టెన్షన్ ఉండదు. వెళ్లిన దారి మూసుకుపోతేనే సాహసం మొదలవుతుంది.

రైడ్‌ను సినిమాగా మార్చడంలో అందరికీ తెలిసిన గెలుపు డిస్నీ వాళ్లది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' రైడ్ 1967లో మొదలైంది. పడవలో కూర్చుంటే చీకటి గుహలో అస్థిపంజరాలు, తగలబడుతున్న ఊరు, తాగి తూలుతున్న దొంగలు, తాళంచెవులు నోట కరుచుకున్న కుక్కను బతిమాలుకునే ఖైదీలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తారు. అవన్నీ విడివిడి దృశ్యాలు. వాటిని కలిపే కథంటూ పెద్దగా లేదు. 2003లో సినిమా తీసినప్పుడు కుక్కను తీసుకున్నారు, పాటను తీసుకున్నారు, అస్థిపంజరాలను తీసుకున్నారు. అయితే సినిమాను రెండున్నర గంటలు లాగింది వాళ్లు కొత్తగా రాసుకున్న ఒక శాపం. ఆ పెట్టెలోని బంగారు నాణేలు దొంగిలించినవాళ్లకు చావు రాదు, తిన్నదాని రుచి తెలియదు, వెన్నెల పడితే ఎముకలు బయటపడతాయి. విముక్తి కావాలంటే ప్రతి నాణెం తిరిగి పెట్టెలో పడాలి, రక్తం కూడా చెల్లించాలి. హీరోయిన్ మెడలో ఉన్న ఒక్క నాణెం కోసం ఓడలు ఎందుకు కదులుతున్నాయో చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. అదే ఏడాది అదే సంస్థ 1969 నాటి తన దెయ్యాల బంగళా రైడ్‌ను కూడా సినిమాగా తీసింది. పేరున్న కమెడియన్ ఉన్నాడు, సెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. మొదటిది ప్రపంచవ్యాప్తంగా 65 కోట్ల డాలర్లు దాటింది, రెండోది 18 కోట్ల దగ్గర ఆగింది. రెండింటికీ తేడా తెచ్చినవి చాలా ఉంటాయి. నా లెక్కలో ముఖ్యమైనది మాత్రం ఇది: ఒకదానిలో నియమం ఉంది, రెండోదానిలో గది తర్వాత గది చూపించడం ఎక్కువ.

అంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్న రోజుల్లో తీసిన 'మాయాబజార్' (1957) మరోసారి చూడండి, ఈసారి వస్తువుల మీద కన్నేసి. ప్రియదర్శిని పేటిక తెరిచినవాళ్లకు తమకు ఇష్టమైనది కనిపిస్తుంది. సత్యపీఠం మీద నిలబడ్డవాడు మనసులో ఉన్నది కక్కేస్తాడు. రెండు వస్తువులు, ఒక్కోదానికి ఒక్క వాక్యంలో చెప్పగలిగిన నియమం. సత్యపీఠాన్ని ముందు సరదాగా చూపించి మనల్ని నవ్వించి వదిలేస్తారు. మనం దాన్ని మరిచిపోయాక అది పెళ్లింట్లో శకుని కాళ్ల కిందికి వస్తుంది. కె.వి.రెడ్డి గారి జానపదాల్లో మాయ ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది. ఏది జరగొచ్చో, ఏది జరగకూడదో మనకు ముందే తెలుసు. పాత చందమామ సీరియల్స్ మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా బైండు చేసి ఉంటే అవి కూడా చదవండి. దాసరి సుబ్రహ్మణ్యం గారు నెలకు కొన్ని పేజీల్లో ఒక ద్వారం, ఒక కాపలాదారు, ఒక షరతు పెట్టి పిల్లల్ని నెల్లాళ్లు కూర్చోబెట్టేవారు.

కాబట్టి మీ మొదటి పని స్క్రిప్టులోంచి ఆరు లోకాలు కొట్టేసి, ఒక్క నియమం రాసుకోవడం. దానికో మూల్యం కూడా ఉండాలి. మాయ ఉచితంగా దొరికితే పిల్లలు కూడా నమ్మరు.

ఆ నియమం ఎక్కడ దొరుకుతుంది? రైడ్లలో వెతకకండి. పార్కు నడిచే పద్ధతిలో వెతకండి. మనం కళ్లు మూసుకుని దాటిపోయే సంగతులు అక్కడ ఎన్ని ఉంటాయో! గేటు దగ్గర చేతికి కట్టే రంగు బ్యాండు, తెంపితే మళ్లీ లోపలికి రానివ్వరు. రైడ్ ముందు చెయ్యి చాపుకుని నిలబడే చెక్క జోకరు బొమ్మ, దాని చెయ్యి కంటే పొట్టిగా ఉన్నవాళ్లకు ప్రవేశం లేదు. లాకర్ తాళంచెవి పోగొడితే జరిమానా. ఒక్కసారి లోపలికి తిరిగి మళ్లీ వెనక్కి తిరగని ఇనుప గేటు. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటన. మర్చిపోయిన వస్తువులు పెట్టే గది. సాయంత్రం మూసేముందు మోగే సైరన్. ఇవన్నీ నిజంగా నియమాలే. జానపద కథలో కోట ద్వారం దగ్గర భూతం అడిగే షరతుకూ, ఈ జోకరు చెయ్యికీ తేడా ఏముంది? రైడ్లు ఏ పార్కుకు వెళ్లినా ఇంచుమించు అవే. ఈ చిన్న చిన్న షరతులు మాత్రం పిల్లలు ప్రతిసారీ ఒళ్లు దగ్గర పెట్టుకుని అనుభవిస్తారు. రెండంగుళాలు తక్కువై రైడ్ ఎక్కలేకపోయిన పిల్లవాడి మొహం చూడండి, మీకు సినిమా దొరుకుతుంది.

ఊరికే చెప్తే గాల్లో మాట అవుతుంది కాబట్టి ఒక లైన్ అల్లి చూపిస్తాను. వాడుకుంటే వాడుకోండి.

సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కి చెన్నైలో పెద్దమ్మ ఇంటికి వచ్చిన కుటుంబం. పన్నెండేళ్ల అన్న, ఏడేళ్ల చెల్లి. చెల్లి తప్పిపోతుంది. మైకులో తమిళంలో ప్రకటన వస్తుంది, పచ్చ గౌను వేసుకున్న పాప ఆఫీసు గదిలో ఉందని. అన్నకు అర్థమవుతుంది. కానీ ఇంకో రౌండు తిరగాలనుంది. తమిళం తెలియనట్టు నటిస్తాడు. ఈలోగా సైరన్ మోగుతుంది. ఈ పార్కు నియమం ఏమిటంటే, మూసేవేళకు ఎవరూ వచ్చి అడగనిది పార్కు సొంతం. బయటికొచ్చిన అమ్మానాన్నలకు చెల్లి అనే మనిషే గుర్తుండదు. టికెట్లలో మాత్రం పిల్లల టికెట్లు రెండు ఉంటాయి. ఆ రెండో టికెట్ ముక్క పట్టుకుని అన్న గోడ దూకుతాడు.

లోపల మర్చిపోయిన వస్తువుల గదిలో ఒక గుమాస్తా ఉంటాడు. చెడ్డవాడేమీ కాదు, రూల్స్ మనిషి. ఎవరైనా బ్యాగు కోసం వస్తే బ్యాంకులో, బస్టాండులో అడిగేదే అతనూ అడుగుతాడు: ఆనవాళ్లు చెప్పు, నీదేనని రుజువేంటి? చెల్లి ఆనవాళ్లు అన్నకు తెలియవు. ఆమెకు ఏమంటే భయం, కుడిమోకాలి మీద మచ్చ ఎలా వచ్చింది, నిద్రలో ఎవరిని పిలుస్తుంది, ఒక్కటీ చెప్పలేడు. ఉదయం గేట్లు తెరిచేలోపు, ఆమె పగలంతా తిరిగిన దారిలో మళ్లీ తిరిగి అవన్నీ తెలుసుకోవాలి. ఇప్పుడు మీ రైడ్లకు పని దొరికింది. జెయింట్ వీల్ ఎక్కడం సరదా కోసం కాదు, అక్కడ ఆమె ఎందుకు ఏడ్చిందో తెలుసుకోవడం కోసం. ఆరు రైడ్లూ అక్కర్లేదు, మూడు చాలు. రాత్రిపూట జోకరు బొమ్మ షరతు తిరగబడుతుందనుకోండి, దాని చెయ్యి కంటే ఎత్తున్నవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. అన్న సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నాడు. ఇంటర్వెల్ దగ్గర ఏం పెట్టాలో ఇక మీకే తెలుస్తుంది.

గమనించారా, ఇందులో రాక్షసుడు లేడు. మీ బడ్జెట్‌లో రాక్షసుడు వద్దు. తక్కువ డబ్బుతో చేసిన సీజీ రాక్షసుడు తెర మీదికి రాగానే హాల్లో పిల్లలే ముందు నవ్వుతారు.

పాత్రల కోసం కూడా బయట వెతకక్కర్లేదు. ఈసీఆర్‌లో వీజీపీ పార్కుకు వెళ్లినవాళ్లెవరికైనా 'శిలై మనిషన్' (విగ్రహం మనిషి) గుర్తుంటాడు. రాజుగారి భటుడి వేషంలో కదలకుండా, నవ్వకుండా నిలబడే మనిషి. తరాల తరబడి జనం అతన్ని నవ్వించాలని కోతి చేష్టలు చేసి ఓడిపోయారు. ఫాంటసీలో ఇలాంటి కాపలాదారును ఊహించుకోండి. పార్కులో జరిగేదంతా చూసిన ఏకైక సాక్షి, నవ్వించినవాడికి మాత్రమే నోరు విప్పుతాడు. ఆ మనిషిని, ఆ వేషాన్ని అలాగే దించకండి, అది మర్యాద కాదు. ఆ ఆలోచన నుంచి మీ సొంత పాత్రను చేసుకోండి.

ఇక తీయడం గురించి. చెన్నైలో ఈ పని చేస్తున్నారు కాబట్టి ఒక చరిత్ర తెలుసుకోవాలి. 1984లో వచ్చిన మన దేశపు మొదటి త్రీడీ సినిమా 'మై డియర్ కుట్టిచాతన్' తెలుగులో 'చిన్నారి చేతన'గా ఆడింది. అందులో పిల్లలు గోడల మీద, పైకప్పు మీద నడుస్తారు. కంప్యూటర్ లేదు. గది మొత్తాన్ని ఇనుప చట్రంలో బిగించి తిప్పారు, కెమెరాను గదికే కట్టేశారు. గది తిరుగుతుంటే పిల్లలు ఎప్పుడూ కిందే నడుస్తుంటారు, తెర మీద మాత్రం గోడ ఎక్కినట్టు కనిపిస్తుంది. ఆ సినిమా నిర్మాత నవోదయ అప్పచ్చన్ గారే తర్వాత 1995లో తాంబరం దగ్గర కిష్కింత థీమ్ పార్కు పెట్టారు. ఆ తిరిగే గదిని కూడా పార్కులో జనం చూడటానికి ఉంచారు. అంటే ఈ ఊళ్లో సినిమా ట్రిక్కు, పార్కు ట్రిక్కు ఒకే ఇంటి పిల్లలు. మీరు వెళ్లేది పాత పార్కు అన్నారు, అది మీ అదృష్టం. పాత పార్కుల్లో ఇలాంటి చేతిపని మాయలు మిగిలి ఉంటాయి.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది పెప్పర్స్ ఘోస్ట్. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన నాటకాల్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రేక్షకుడికీ వేదికకూ మధ్య పెద్ద గాజు పలకను 45 డిగ్రీల వాలులో పెడతారు. పక్కన కనిపించకుండా ఒక చీకటి గది, అందులో మనిషి. అతని మీద లైటు పెంచితే గాజులో ప్రతిబింబం పడి వేదిక మీద దెయ్యం ప్రత్యక్షమవుతుంది, లైటు తగ్గిస్తే మాయమవుతుంది. నేను పైన చెప్పిన దెయ్యాల బంగళా రైడ్‌లో డాన్సు చేసే దెయ్యాలు కూడా ఇలాగే కనిపిస్తాయి. మీ చెల్లి పాత్ర అన్నకు లీలగా కనిపించే సీన్లన్నీ ఇలా కెమెరాలోనే తీయొచ్చు. దాచిన గదికి నల్లగుడ్డ పూర్తిగా కప్పండి, లైటుకు డిమ్మర్ పెట్టండి. పిల్లలు తిరిగే చోట గాజు వద్దు, మంచి అక్రిలిక్ షీటు వాడండి. దుమ్ము అంటుకుంటే షాట్ పోతుంది, తుడవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.

అద్దాల మందిరం ఉంటే వాడుకోవాలని ఉబలాటపడతారు. వాడండి, కానీ పోలరైజర్ ఫిల్టర్ పెడితే యూనిట్ ప్రతిబింబాలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నీళ్ల మీద, మామూలు గాజు మీద అది పనిచేస్తుంది, వెనక పూత ఉన్న అద్దం మీద పనిచేయదు. కెమెరామన్, ఫోకస్ పుల్లర్ ఇద్దరికీ తలనుంచి కాళ్లదాకా నల్లబట్టలు, కోణం రిహార్సల్‌లోనే ఖాయం చేసుకోవడం, అంతే దారి.

కోట గోడలు, బురుజులు చిన్నగా ఉన్నాయని బాధపడకండి. డిస్నీల్యాండ్ కోట ఎత్తు 77 అడుగులే. పైకి వెళ్లేకొద్దీ ఇటుకలు, కిటికీలు చిన్నవి చేసి దాన్ని పెద్దదిగా చూపించారు. మీ పార్కులో కోట కింది నుంచి పైదాకా ఒకే కొలతలో ఉండొచ్చు. అప్పుడు కెమెరాను నేలకు దగ్గరగా పెట్టి, వైడ్ లెన్స్ వేసి, కోటకు దగ్గరనుంచి పైకి చూస్తూ తీయండి. తలుపు పక్కన మనిషిని ఎప్పుడూ నిలబెట్టొద్దు, కొలత అక్కడే దొరికిపోతుంది.

డిస్నీల్యాండ్ చుట్టూ మట్టికట్ట పోసి బయటి ప్రపంచం కనిపించకుండా చేశారు. మన ఈసీఆర్‌లో గోడ అవతల అపార్ట్‌మెంట్లు, సెల్ టవర్లు, హోర్డింగులు. రెక్కీ (లొకేషన్ చూడటానికి వెళ్లే) రోజునే నడుము ఎత్తులో, నేల ఎత్తులో ఫొటోలు తీసి, ఏ కోణంలో ఏమీ కనిపించదో మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. సీజీ ఖర్చులో చాలా భాగం ఈ అపార్ట్‌మెంట్లు చెరపడానికే పోవచ్చని చాలామందికి తెలియదు.

సముద్రం మీద సూర్యాస్తమయం పెట్టుకున్నారు స్క్రిప్టులో. మనది తూర్పు తీరం, ఇక్కడ సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. తెల్లవారుజామున తీసి సాయంత్రమని చెప్పండి. అందరూ చేసేదే. పైగా పొద్దున పార్కు ఖాళీగా ఉంటుంది.

లైట్ల గురించి ఒక హెచ్చరిక. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి దానిమీద నడిచే లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 25 ఫ్రేముల్లో తీస్తే 180 డిగ్రీల షట్టర్, 24 ఫ్రేముల్లో అయితే 172.8 డిగ్రీలు పెట్టుకుంటే తెర మీద ఆ మిణుకు కనిపించదు. కానీ పార్కు రైడ్ల మీద అలంకరణకు కట్టే చవక ఎల్ఈడీ దండలు వాటి సొంత లెక్కలో మిణుకుతాయి, ఈ సూత్రానికి లొంగవు. స్లో మోషన్ అనుకున్న ప్రతి రాత్రి షాట్‌కు ముందే టెస్టు తీసి పెద్ద మానిటర్‌లో చూడండి. ఫోన్‌లో చూసి బాగుందనుకోవద్దు.

పిల్లల్ని నడుస్తున్న రైడ్ మీద నటించమని అడగొద్దు. గాలికి మొహాలు వంకర్లు పోతాయి, డైలాగు వినిపించదు, ఏ భావమూ తెలియదు. క్లోజప్‌లన్నీ నిలిపిన బండిలో తీయండి. రెండు పెద్ద ఫ్యాన్లు, మొహం మీద కదిలే లైటు, బండిని వెనకనుంచి ఊపే ఇద్దరు మనుషులు సరిపోతారు. లాంగ్ షాట్లలో డూప్‌లు. రైడ్‌కు కెమెరా బిగించాలంటే పార్కు ఇంజనీరు ఒప్పుకుని, ఆయనే దగ్గరుండి బిగించాలి, రెండో తాడు కట్టాలి, ఇసుక మూటలతో ఖాళీగా తిప్పి చూశాకే మనుషుల్ని ఎక్కించాలి. ఆ వేగంలో ఊడిన చిన్న యాక్షన్ కెమెరా కూడా తల పగలగొడుతుంది. ఇక్కడ 'ఒక్క షాటే కదా సార్' అన్నవాడిని సెట్ నుంచి పంపించేయండి.

సౌండ్ సంగతి క్లుప్తంగా: నీళ్ల పంపుల మోత వల్ల అక్కడ తీసిన డైలాగు గైడ్ ట్రాక్‌కే పనికొస్తుంది, డబ్బింగ్ లెక్క వేసుకోండి. పార్కు స్పీకర్లలో సినిమా పాటలు వస్తుంటే మాత్రం షూటింగ్ అయ్యేదాకా ఆపించండి. పాట వెనక వినిపించినా హక్కుల గొడవే.

కాలం ఎప్పుడు పెట్టుకోవాలి? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనం, ఏ వారం ఎలా ఉంటుందో తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, సెలవుల జనం. సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మంచిది. ఆరున్నరకల్లా చీకటి పడుతుంది, అది మీకు చాలా ముఖ్యం. ఎందుకంటే మీ హీరోలు పిల్లలు. 2017 నాటి కేంద్ర బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించకూడదు. షూటింగ్‌కు ముందే కలెక్టర్ అనుమతి తీసుకోవాలి, ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడిని పెట్టాలి, పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. తెల్లవార్లూ పిల్లలతో రాత్రి షూటింగ్ అనే ఆలోచన మర్చిపోండి. పొద్దుగూకాక రెండు మూడు గంటలు అసలు చీకటి సీన్లు, మిగతావి నల్లగుడ్డ కట్టిన గదుల్లో. నలుగురు పిల్లలను ఇద్దరు చేయమని నేను కథలో చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఫిబ్రవరిలో వాళ్ల పరీక్షల టైంటేబుల్ కూడా తల్లిదండ్రుల్ని ముందే అడగండి.

డ్రోన్ షాట్లు కావాలన్నారు. 2021 డ్రోన్ రూల్స్ కింద కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ అయితే సాధారణంగా 400 అడుగుల దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, డ్రోన్ రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. చెన్నై చుట్టూ మీనంబాకం విమానాశ్రయం, తాంబరం వైమానిక స్థావరం, దక్షిణాన కల్పాక్కం అణుకేంద్రం ఉన్నాయి. మీ పార్కు మ్యాపులో ఏ రంగులో పడుతుందో చూడకుండా డ్రోన్ అద్దెకు తీసుకోకండి. నన్నడిగితే రెండు షాట్లు చాలు. పార్కును పైనుంచి మొత్తం చూపిస్తే దాని చిన్నతనం కూడా కనిపిస్తుంది.

సీజీ దగ్గరికి వస్తున్నాను. పైన చెప్పినట్టు తీస్తే మీకు సీజీ మూడు పనులకే కావాలి: గోడ అవతలి ఊరిని చెరపడం, నటులకు కట్టిన రోప్‌లు తీసేయడం, ఆకాశం మార్చడం. మొత్తం యాభై అరవై షాట్లలో ముగించేలా స్టోరీబోర్డు వేయండి. ఖర్చు నిమిషాల లెక్కన ఉండదు, షాట్ల లెక్కన, అందులో ఉన్న పని లెక్కన ఉంటుంది. అందుకే స్టోరీబోర్డు చేతికి వచ్చాక ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. సీజీ షాట్లలో కెమెరా కదలకుండా ఉంటే పని చాలా తగ్గుతుంది. ప్రతి సీజీ షాట్‌కూ నటులు లేని ఖాళీ ప్లేటు ఒకటి, వెలుగు ఎటునుంచి పడిందో సీజీ వాళ్లకు తెలిసేలా అదే లైటులో క్రోమ్ బంతి, బూడిదరంగు బంతి ఫొటోలు తీయించండి. రెండు నిమిషాల పని, అసిస్టెంట్ డైరెక్టర్లు విసుక్కుంటారు, తీయకపోతే తర్వాత రోజులు పడుతుంది. చెట్ల మధ్య గ్రీన్ మ్యాట్ (వెనక కట్టే ఆకుపచ్చ తెర) కట్టొద్దు, బ్లూ కట్టండి.

చివరగా, మాటతో ఇచ్చిన అనుమతి. ఒక పార్కులో మా షూటింగ్ సగంలో ఆగిపోయింది, యజమాని కొడుకు సీన్ పేపర్ చదివి 'మా పార్కులో పిల్లలు మాయమవుతారా' అని కూర్చున్నాడు. ఆయన కోపంలో తప్పేమీ లేదు, ఆయన వ్యాపారం అది. అందుకే కథ మొత్తం యజమానికి ముందే చెప్పండి. సినిమాలో పార్కుకు కల్పిత పేరు పెట్టండి, అసలు బోర్డులు ఎక్కడా కనిపించవని రాసివ్వండి. జనం వెళ్లగలిగే చోట శాశ్వతంగా ఉన్న శిల్పాలు, కళాకృతులు సినిమాలో కనిపిస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. కానీ పార్కు మస్కట్‌ను తీసి మీ సినిమాలో మాట్లాడే పాత్రగా చేస్తే, పోస్టర్ మీద వేస్తే, అది ఆ మినహాయింపు కిందికి వస్తుందని ధీమా పడొద్దు. ఆ జోకరు బొమ్మను కూడా మీ ఆర్ట్ డైరెక్టర్‌తో కొత్తగా చేయించుకోండి.

అగ్రిమెంటులో ఉండాల్సినవి: ఏయే చోట్లు, ఏ వేళలు, కరెంటు వాళ్లదా మీ జనరేటరా, రైడ్ నడిపే ఆపరేటర్‌కు బేటా (రోజు భత్యం) ఎవరివ్వాలి, వర్షం వస్తే బదులు రోజులు, ఏదైనా విరిగితే లెక్క, ఇన్సూరెన్స్, సినిమా పూర్తయ్యాక ప్యాచ్‌వర్క్‌కు మళ్లీ రావడానికి హక్కు. ఈ చివరిది అందరూ మర్చిపోతారు, ఎడిటింగ్‌లో ఒక క్లోజప్ తక్కువైనప్పుడు గుర్తొస్తుంది. యూనిట్ విషయంలో ఫెఫ్సీ (దక్షిణాది సినీ కార్మికుల సమాఖ్య) సంఘాలతో ముందే మాట్లాడే ప్రొడక్షన్ మేనేజర్‌ను పెట్టుకోండి, అందరూ స్నేహితులే కదా అని వదిలేయొద్దు. సెన్సార్ విషయానికొస్తే, 2024 నిబంధనలతో యూఏలో 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. మీకు యూ గానీ యూఏ 7+ గానీ రావాలి, చెల్లి దొరక్కుండా పోయిన సీన్లు ఎంత భయంగా తీయాలో ఆ లెక్కతో చూసుకోండి.

వచ్చే వారం ఒక మంగళవారమో బుధవారమో పార్కు మూసే వేళకు వెళ్లి, సైరన్ మోగినప్పటినుంచి చివరి లైటు ఆపేదాకా సెక్యూరిటీ వాళ్లతో నడవండి. ఎవరు ఏ తాళం వేస్తారు, మర్చిపోయిన వస్తువులు ఎక్కడ పెడతారు, ఎన్నాళ్లు ఉంచుతారు అడిగి రాసుకోండి. కొత్త వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరస) రాశాక ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను. అగ్రిమెంటు మీద సంతకం పడేదాకా మాత్రం కెమెరాకు గానీ, ఆర్టిస్టులకు గానీ అడ్వాన్స్ ఇవ్వకండి.